పదకొండో కెమెరా

పోయిన వారం మీరు పత్రిక మూసేసరికి రాధారాణి ఎడమ కాలికి రెండు మడమలున్నాయి. నిజం కాలికి కాదు, కంప్యూటర్‌లోని కాలికి. కొత్తగా చదివేవాళ్ల కోసం అసలు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ తర్వాత తిట్టాల్సినవాళ్లని తిడతాను.

రేపల్లెలో ఆడపిల్లల కబడ్డీ ఫైనల్. బాపట్ల జట్టుకీ తెనాలి జట్టుకీ చెరి ఇరవై ఏడు పాయింట్లు. ఆఖరి కూతకి వెళ్లిన బాపట్ల పిల్ల రాధారాణి, తెనాలి పిల్ల నాగజ్యోతి చీలమండకి కాలి బొటనవేలు తాకించి గీత దాటి వచ్చేసింది. అంపైర్ పాయింటు ఇచ్చాడు. అంతలో మా స్టూడియో ఓనరు మనోహర్ మైకు లాక్కుని, పదహారు కెమెరాలతో తీసిన ఆ కూతని పెద్ద తెర మీద గిర్రున తిప్పి చూపించాడు. తెర మీద వేలికీ చీలమండకీ మధ్య నాలుగంగుళాల ఖాళీ కనిపించింది. కప్పు తెనాలికి పోయింది. రాధారాణి అబద్ధాలకోరు అయింది. రెండేళ్లు ఆడకూడదన్నారు, జిల్లా జట్టులోంచి పేరు కొట్టేశారు. ఆ జాబితా ఈ ఆదివారం మధ్యాహ్నమే రాష్ట్ర సంఘానికి వెళ్లిపోతుంది. ఆ బొమ్మని కంప్యూటర్‌లో తయారుచేసింది నేను, ప్రేమకుమారిని. శనివారం అనుమానమొచ్చి, స్మూత్ చెయ్యకముందు ఫైలు తెరిచి చూస్తే ఆ రెండు మడమలు కనబడ్డాయి.

మనోహర్‌ని తిట్టడానికి వారం వారం కొత్త మాటలు వెతుక్కోవాల్సి వస్తోంది. ఈ మనిషి హైదరాబాద్‌లో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్లాడు. అక్కడెవరో ఆటగాణ్ణి కెమెరాల మధ్య నిలబెట్టి, ఆ వీడియోని ఏ వైపు నుంచి కావాలంటే ఆ వైపు నుంచి, చివరికి కెమెరా లేని చోటు నుంచి కూడా చూపించారట. కోతికి కొబ్బరికాయ దొరికింది. వాడిన కెమెరాలు పదహారు కొనుక్కొచ్చి, 'ఎటు నుంచైనా చూడొచ్చు' అని బోసు రోడ్డులో ఫ్లెక్సీ కట్టించాడు. అది ఎలా పనిచేస్తుందో ఈరోజుకీ ఆయనకి తెలియదు. కంప్యూటర్ ఆన్ చేసే మీట ఎక్కడుందో కూడా నన్నే అడుగుతాడు.

ఆదివారం పది గంటలకి అందరూ తెనాలిలో మా స్టూడియో మేడ ఎక్కారు. టోర్నమెంటు కమిటీ అధ్యక్షుడు, జిల్లా జట్టు జాబితా పంపే బసవపున్నయ్య రేపల్లె నుంచి కారులో వచ్చాడు. రెండు బియ్యం మిల్లులున్న మనిషి, కప్పు వాళ్ల నాన్న పేరు మీద పెట్టాడు కాబట్టి ఆట కూడా వాళ్ల నాన్న సొత్తే అనుకుంటాడు. ఉన్న ఒక్క మెత్తటి కుర్చీలో కూర్చుని రెండో కుర్చీ మీద కాళ్లు చాపాడు. బాపట్ల నుంచి రైల్లో వచ్చిన రాధారాణి, వాళ్ల మామ్మ వీరరాఘవమ్మ తలుపు దగ్గరే నిలబడ్డారు. వీరరాఘవమ్మ ముప్పై ఏళ్లుగా బాపట్ల మార్కెట్లో చేపలమ్ముతోంది. ఆమెని కూర్చోమని ఎవరూ అనలేదు. నేను వెళ్లి స్టూలు తెచ్చి వేశాను. మనోహర్ ముక్కు చిట్లించి ఫ్యాను వేగం పెంచాడు. ఆ చెయ్యి అలాగే విరిగి పడిపోతే బాగుండునని మనసులో అనుకున్నాను. చర్చిలో ఆరాధన మానుకుని వచ్చినదాన్ని ఇలా అనుకోకూడదు గానీ అనుకున్నాను.

"ఏమ్మా, ఆదివారం పూట ఇంత దూరం పిలిపించావు. ఏంటి సంగతి?" అన్నాడు బసవపున్నయ్య.

"ఆ రోజు మనం చూపించిన బొమ్మ తప్పండి."

మనోహర్ నవ్వాడు. "మేడమ్ పెళ్లిళ్ల ఎడిటింగులో పద్దెనిమిదేళ్లు చేశారండి. ఈ టెక్నాలజీ ఆవిడకి కొంచెం కొత్త."

"కొత్తేనండి. మీకైతే పుట్టుకతో వచ్చింది. ఏదీ, ఆ ఫైలు తెరవండి చూద్దాం," అని మౌసు ఆయన వైపు తోశాను. ఆయన దాన్ని చూసి, గోడ మీద క్యాలెండరు చూసి, టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

బసవపున్నయ్యకి అర్థమయ్యేలా చెప్పడం మొదలుపెట్టాను. "మ్యాటు చుట్టూ పదహారు కెమెరాలు స్టాండ్ల మీద పెట్టామండి. ఆట మొదలవకముందే, చదరంగం గళ్లున్న పెద్ద అట్ట పట్టుకుని మ్యాటంతా తిరిగాం. ప్రతి కెమెరా ఆ గళ్లని తన చోటు నుంచి చూస్తుంది. దాన్నిబట్టి ఏ కెమెరా ఎక్కడుందో, ఎటు చూస్తోందో కంప్యూటర్ లెక్క కట్టుకుంటుంది. ఆ తర్వాత పదహారు వీడియోల్లోంచీ మనుషుల్ని విడదీసి, ఒక్కో మనిషినీ బొమ్మలా నిలబెడుతుంది. ఆ బొమ్మ చుట్టూ మనం తిరగొచ్చు."

"తిరిగాంగా. వేలు తగల్లేదు."

"లెక్క పొద్దున కట్టిందండి. ఆ తర్వాత ఒక్క కెమెరా జరిగినా కంప్యూటర్‌కి తెలీదు. అది పాత చోటునే ఉందనుకుంటుంది. అది చూసిన కాలిని తీసుకెళ్లి వేరే చోట అతికిస్తుంది."

ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. స్టూలు మీద నుంచి వీరరాఘవమ్మ అందుకుంది. "ఇందులో తెలీనిదేవుంది బాబూ? కాటా సమంగా నిలబెట్టాక దాని కింద పీట ఎవడో లాగేశాడనుకో. ఆ తూకం తూకమేనా? నా దగ్గర కిలో చేప కొనేవోళ్లకి కూడా తెలుసు."

"నువ్వుండమ్మా, పెద్దవాళ్లు మాట్లాడుతుంటే," అన్నాడు ఆయన. వీరరాఘవమ్మకి ఆయన కంటే పదేళ్లు ఎక్కువే ఉంటాయి.

నేను పెద్ద టీవీ మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను. రెండూ పదకొండో కెమెరా తీసినవే. మొదటిది పొద్దున తొమ్మిదింటికి, చదరంగం అట్ట తిప్పినప్పటిది. ఎడమ అంచున నీలం రంగు మంచినీళ్ల డ్రమ్ము సగం కనబడుతోంది. రెండోది ఆఖరి కూతప్పటిది. అందులో డ్రమ్ము లేదు. దాని బదులు ఒక సోఫా చెయ్యి, దాని మీద తెల్ల టర్కీ తువ్వాలు.

"అది నేను కూర్చున్న సోఫా," అన్నాడు బసవపున్నయ్య. ఉదయం నుంచి ఆయనకి గుర్తుపట్టాలనిపించిన వస్తువు అదొక్కటే.

"అవునండి. పదకొండింటికి మీరొచ్చారు. మీ సోఫా పట్టడానికి ఎవరో స్టాండుని రెండడుగులు పక్కకి జరిపారు. ఆ కాలిని దగ్గర్నుంచి చూసింది ఆ కెమెరా ఒక్కటే. మిగతావి దూరం నుంచి, మనుషులు అడ్డమొస్తుంటే సగం సగమే చూశాయి. జరిగిన కెమెరా ఒక మడమ ఇక్కడుందంది, జరగని కెమెరాలు అక్కడుందన్నాయి. అందుకే బొమ్మలో రెండు మడమలొచ్చాయి. ఆ రోజు హడావిడిలో అవి ఎవరికీ కనబడలేదు, బొమ్మ గరుగ్గా ఉందని మనోహర్ గారు స్మూత్ చెయ్యమన్నారు. కంప్యూటర్ రెంటినీ కలిపి మధ్యలో ఒక కాలు పెట్టింది. ఆ చోట ఎవరి కాలూ లేదండి. మీరు చూసి తీర్పు చెప్పింది ఆ లేని కాలిని."

టీ గ్లాసులతో వచ్చిన మనోహర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "స్మూత్ అంటే... క్వాలిటీ కోసం అన్నానండి."

"మరి వేలు తగిలిందా లేదా? అది చెప్పు," అన్నాడు బసవపున్నయ్య.

"అది ఏ కెమెరా చెప్పలేదండి. చెప్పగలిగింది పక్కనే నిలబడి చూసిన అంపైర్ ఒక్కడే. ఆయన తగిలిందన్నాడు. మన బొమ్మ తప్పయితే ఆయన మాటే నిలబడాలి."

"తగిలిందండి," అంది రాధారాణి. ఆ పిల్ల నోరు తెరవడం అదే మొదలు. పందొమ్మిదేళ్లుంటాయి, ఎండకి నల్లబడ్డ బక్కపలుచని పిల్ల. "తగిలినప్పుడు నాగజ్యోతి నా కళ్లల్లోకి చూసిందండి. పెద్ద తెర మీద మీ బొమ్మ తిరిగాక మళ్లీ నా వైపు చూళ్లేదు."

"ఆ పిల్లని అడిగాంలే. తగల్లేదంది." బసవపున్నయ్య కాళ్లు దించి ముందుకు వంగాడు. "చూడమ్మా ప్రేమకుమారీ. మా అమ్మాయి పెళ్లి వీడియో నువ్వే చేశావు. పెళ్లికూతుర్ని చందమామలో కూర్చోబెట్టావు, మా వియ్యంకుడి బట్టతల మీద జుట్టు మొలిపించావు. ఈ డ్రమ్ము, ఈ సోఫా నువ్వు అతికించినవి కావని నాకేంటి నమ్మకం? స్టాండు జరిగిందంటున్నావు. దానంతటది నడిచిందా? జరిపినవాణ్ణి తీసుకొచ్చి నా ముందు నిలబెట్టు. వాడు నోటితో ఒప్పుకుంటే పేరు మళ్లీ రాస్తా. పన్నెండింటికి జాబితా పంపేస్తా."

వీరరాఘవమ్మ లేచి నిలబడింది. "మొన్న రేపల్లెలో నా మనవరాలు గొంతు పోయేదాకా మొత్తుకుంది బాబూ, తగిలిందీ తగిలిందీ అని. మనిషి నోటికి విలువ లేదు, కంప్యూటర్ చెప్పిందే నిజమన్నారు. ఇయ్యాల కంప్యూటర్ పనికిరాదు, మనిషి నోరే కావాలంటన్నారు. మీకేది కావాలో ముందది తేల్చుకోండి."

ఆయన టీ గ్లాసు అందుకుని అందులోకి చూశాడు. ఆమె మళ్లీ స్టూలు మీద కూర్చుంది. మనసులో ఆమెకి దండం పెట్టుకున్నాను.

"జరిపినవాణ్ణి చూపిస్తానండి. ఎదురుగా మూడో కెమెరా ఉంది. దాని వీడియోలో పదకొండో స్టాండు కనబడుతుంది," అన్నాను. ఊరుకోకుండా ఇంకోమాట కూడా అన్నాను. "ఆ వరస కెమెరాల బాధ్యత మా స్టూడియోలో పనిచేసే లూకాదండి. నిన్న ఫోన్ చేసి అడిగితే, నేను ముట్టుకోలేదమ్మా అన్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం. యాభై ఏళ్లొచ్చాయి, ఒక స్టాండుకి కాపలా ఉండటం చేతకాదు."

లూకా అక్కడ లేడు. చర్చిలో ఉండి ఉంటాడు. లేని మనిషిని తిట్టడం ఎంత సులువో నాకు ఆ క్షణాన తట్టలేదు.

మూడో కెమెరా వీడియోని ముందు నా చిన్న మానిటర్ మీద పెట్టుకున్నాను. పెద్ద టీవీకి ఇంకా ఇవ్వలేదు. పదిన్నర నుంచి పరుగెత్తించాను. పిల్లలు బస్కీలు తీస్తున్నారు. ఎవరో మ్యాటు గీత మీద టేపు మళ్లీ అంటిస్తున్నాడు. పది యాభై ఎనిమిదికి నలుగురు మనుషులు సోఫా మోసుకుంటూ వచ్చారు, తెల్ల తువ్వాలు నేలని ఊడుస్తోంది. దారిలో పదకొండో స్టాండు అడ్డంగా ఉంది. వాళ్లు ఆగారు. పక్క నుంచి ఒక ఆడమనిషి వచ్చి, మ్యాటుకి వీపు పెట్టి, స్టాండు మూడు కాళ్లూ దగ్గరకి తీసి, ఎత్తి పక్కన పెట్టి, చీర చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. మొత్తం ఆరు సెకన్లు. ముఖం కనబడలేదు. ఎడమ భుజానికి నల్ల బ్యాగు ఉంది. దాని తెగిన పట్టీని పచ్చ నైలాను తాడుతో ముడేశారు.

ఆ ముడి నేను వేసుకున్నదే. బ్యాగు నా కుర్చీకే వేలాడుతోంది.

వీడియో ఆపేసి మళ్లీ చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. సోఫా మోస్తున్నవాడు "అక్కా, కాస్త దారి" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్లలో పెద్దవాళ్లొస్తే స్టాండు ఎత్తి పక్కన పెట్టడం నా చేతికి అలవాటు. పెళ్లిలో దానివల్ల ఏమీ కాదు, తాళి కట్టేది ఏ పక్క నుంచి తీసినా తాళే. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. నేను వెళ్లి పెరుగన్నం తిన్నాను. ఆ పొద్దున అట్ట తిప్పడం అయ్యాక, స్టాండు ముట్టుకున్నవాళ్ల చేతులు విరగ్గొడతానని పదహారు కెమెరాల వాళ్ల ముందూ అరిచింది కూడా నేనే. లూకా తలూపి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అతను నిజమే చెప్పాడు.

ఎనిమిది వారాలుగా మనోహర్‌ని, బసవపున్నయ్యని, ఆ ఊళ్లో మైకు పట్టుకున్న ప్రతివాణ్ణీ మీ ముందు నిలబెట్టి కడిగేశాను. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదని మా అమ్మ అనేది.

నా భుజం మీదుగా మనోహర్ మానిటర్‌లోకి చూస్తున్నాడు. ఆయన చూపు బొమ్మలోని బ్యాగు మీద నుంచి కుర్చీకి వేలాడే బ్యాగు మీదకి వచ్చింది. చెవి దగ్గర గుసగుసగా అన్నాడు. "మేడమ్, మొహం లేదు కదా. ఎవరో ఊరి మనిషి, గుర్తు తెలీదనేద్దాం. మీ పేరొస్తే స్టూడియో పేరు పోతుంది. వచ్చే నెల ఆర్డర్లు రెండున్నాయి."

ఆయన మీద అసహ్యం పుట్టుకురావాలి. రాలేదు. ఎందుకంటే ఆయన అనే లోపే ఆ మాట నేను అనుకున్నాను. ముఖం కనబడలేదని చెబితే అది అబద్ధం కూడా కాదు.

"దొరికాడా?" అన్నాడు బసవపున్నయ్య. గోడ గడియారంలో పదకొండు నలభై.

పెద్ద టీవీకి ఇచ్చాను. ఆరు సెకన్లూ అందరూ చూశారు. నా బొమ్మ వీపు చూపిస్తూ తెర మీద ఆగింది.

"ఎవరో ఆడమనిషి," అన్నాడు ఆయన. "ఎవరని వెతకను? రేపల్లెలో సగం మంది ఆడవాళ్లే. మొహం లేని మనిషి నోటితో ఏం ఒప్పుకుంటుంది?" అంటూ ఫోన్ తీశాడు.

రాధారాణి టీవీ దగ్గరకి వచ్చింది. బొమ్మలోని వీపు మీద వేలు పెట్టబోయి, అద్దానికి తగలకుండా ఆపింది. "ముందు నుంచి తిప్పండి ఆంటీ. ఎటు నుంచైనా చూడొచ్చంటగా. నా కాలిని తిప్పారుగా, ఈవిణ్ణి కూడా తిప్పండి."

ఆ మాటలో ఎకసెక్కం లేదు. నేను చేయగలననే అడిగింది.

"తిరగదమ్మా. పదకొండో కెమెరాకి ఆవిడ చెంగే అడ్డమొచ్చింది, అటువైపు ఇంకే కెమెరా లేదు," అన్నాను. "తిప్పితే ఎవరూ చూడని మొహమొకటి కంప్యూటర్ తనే కల్పించి పెడుతుంది. నీ కాలికి చేసినట్టే. ఒకసారి చాలు."

"మరెలాగ?"

మనోహర్ నా చేతి మీద చెయ్యేశాడు. విదిలించుకుని లేచాను. కుర్చీకి వేలాడుతున్న నల్ల బ్యాగు తీసి ఎడమ భుజానికి తగిలించుకున్నాను. టీవీ పక్కకి వెళ్లి, వాళ్లకి వీపు పెట్టి, తెర మీది మనిషి నిలబడ్డట్టే నిలబడ్డాను. పచ్చ ముడి వాళ్లకి కనబడేలా పట్టీ వెనక్కి సర్దాను.

"ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నదీ నేనే, జరిపిందీ నేనేనండి. లూకా కాదు. నోటితో చెబుతున్నాను, రాసుకోండి."

నా ఎదుట ఉన్నది గోడ. వెనక ఎవరి ముఖంలో ఏముందో చూడాలంటే నేను తిరగాలి, తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు. అంతలో స్టూలు నేల మీద గీసుకున్న శబ్దమైంది. ముసలి అడుగులు నెమ్మదిగా నా వైపు నడిచి వచ్చాయి. వీరరాఘవమ్మ చెయ్యి నా భుజం మీది బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుంది.

"ఇటు తిరుగు," అంది.